మోరికి చేప బొమ్మ

మోరీల మీద ఏ చేప బొమ్మ వెయ్యాలన్న దగ్గరే నల్లగొండలో మా వార్డు మీటింగు ఆగిపోయింది.

ఐడియా అమెరికాది. అక్కడ చాలా ఊళ్లలో ఇండ్ల మురుగుకు ఒక గొట్టం, వాననీళ్లకు ఇంకో గొట్టం. మురుగు శుద్ధి కేంద్రానికి పోతుంది. రోడ్డు మీది వాననీళ్లు మాత్రం ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోకో సముద్రంలోకో పోతాయి. ఇంజన్ ఆయిలు ఆ వాననీళ్ల తూములో పోస్తే చేప నోట్లో పోసినట్టే. ఈ సంగతి తెలియనివాళ్ల కోసం వలంటీర్లు అట్టముక్కలో అక్షరాలు కత్తిరించి, తూము అంచున పెట్టి, పైనుంచి రంగు కొడతారు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కల ఊళ్లలో "ఇక్కడ ఏమీ పారబోయొద్దు, ఇది అఖాతంలోకి పోతుంది" అని రాత, పక్కన ఒక చేప. అక్కడున్న మనవాళ్ల పిల్లలూ మోకాళ్ల మీద కూర్చుని ఈ పని చేసి, ఆ గంటలు కాలేజీ దరఖాస్తులో రాసుకుంటారు. సెలవులకు ఇక్కడికొచ్చినప్పుడు మోరి దాటాలంటే మాత్రం తాత చెయ్యి పట్టుకుంటారు.

మాకు మొదటి చిక్కు, రంగు దేనికి కొట్టాలన్నది. రాయడానికి మూత ఉండాలి. మా మోరీల మీది బండలు ఎప్పుడో లేచిపోయి దుకాణాల ముందు మెట్లయినయి. రెండో చిక్కు, ఏది వాననీళ్లది, ఏది మురుగుది? మా దగ్గర ఆ పంక్తిభేదం లేదు. స్నానాల నీళ్లు, చికెన్ సెంటర్ ఈకలు, చాయ్ హోటల్ కప్పులు, ఆకాశం నుంచి దిగొచ్చిన స్వచ్ఛమైన వాన, అన్నీ సహపంక్తి.

ఇక చేప. కొరమీను వేద్దామన్నాడొకాయన, 2016లో రాష్ట్ర చేప అయింది గదా అని. చేపల సంఘం పెద్దమనిషి లేచాడు.

"సారూ, కొర్రమట్ట గాలి పీల్చి బతుకుతది. నీళ్లెంత గలీజున్నా పైకొచ్చి ఊపిరి తీసుకుంటది. దాని బొమ్మేస్తే ఇంకింత పొయ్యుండ్రి అన్నట్టే."

"మరి రవ్వ?"

"రవ్వనేస్తే ఎల్లెలుకల ఎయ్యాలె. ఆ నీళ్లల్ల అట్లనే తేలుతది."

పాలమూరుకు ఈ గొడవ అక్కర్లేదు. 2021 వానలకు పెద్దచెరువు దిగువ రామయ్యబౌలి ఇండ్లల్లోకి నీళ్లొచ్చాయి. అక్కడ చేప బదులు "ఇది మీ వంటింట్లోకి పోతుంది" అని రాసి గ్యాస్ పొయ్యి బొమ్మ వేస్తే చాలు.

అసలు రాయాల్సింది హైదరాబాద్‌లోనని ఒక రిటైర్డ్ మాస్టారు అడ్డుపడ్డారు. నిజమే. ఆ నగరం నాగార్జునసాగర్ నీళ్లను మా జిల్లా అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి తీసుకుంటుంది, కోదండాపూర్‌లో వడగట్టుకుని తాగుతుంది. తిరిగి మూసీలో మాకే పంపుతుంది. మర్యాద తెలిసిన చుట్టం, గిన్నె ఖాళీగా తిరిగివ్వడు. 2024 నవంబర్ 8న, తన పుట్టినరోజున, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వలిగొండ మండలం సంగెం దగ్గర ఆ మూసీ వెంటే పాదయాత్ర చేశారు. దానికి ముందూ తర్వాతా మూసీ తన పాదయాత్ర తాను చేస్తూనే ఉంది.

మాస్టారి సూచన: చేప వద్దు, ఆర్టీసీ బోర్డు రాయాలి. అంబర్‌పేటలో ప్రతి మూత మీదా "వాడపల్లి, వయా వలిగొండ, సోలిపేట" అని. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది కనుక, పక్క రాష్ట్రం వాళ్లు నొచ్చుకోకుండా కింద చిన్న అక్షరాల్లో "పులిచింతల, విజయవాడ కనెక్షన్ కలదు" అని కూడా.

చప్పట్లు మోగాయి. నీళ్ల విషయంలో మా మాటకు విలువుంటుందని మాకో నమ్మకం. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు తయారుచేస్తే, దానికి దక్కిన పేరు నల్లగొండ టెక్నిక్. ఫ్లోరైడ్‌కు నడుములు వంగిన ఊళ్ల పేరు పరదేశాల పాఠాల్లోకి ఎక్కింది. మాకు దక్కిన ఖ్యాతి అట్లాంటిది.

హైదరాబాద్ మూతల మీద బోర్డులు రాయాలన్న తీర్మానం ఏకగ్రీవం. అప్పుడే వెనక నుంచి ఒకామె అడిగింది, "మరి మన మోరి ఏ చెరువుకు పోతదో రాయరా? బతుకమ్మలు ఏసేది ఆ చెరువులనే గదన్నా."

ఆ అంశాన్ని వచ్చే మీటింగుకు వాయిదా వేశారు. తెచ్చిన రంగు ఎండిపోతుందని, దాంతో కమ్యూనిటీ హాలు గోడ మీద "ఇచ్చట చెత్త వేయరాదు" అని పెద్దక్షరాలతో రాయించారు. చెత్త ఎక్కడ వెయ్యాలో తెలియక ఇన్నాళ్లూ సంచులు పట్టుకుని తిరిగిన వార్డు జనానికి ఆ గోడ ఇప్పుడు బాగా అక్కరకొస్తున్నది.