డ్రెస్సింగ్ డ్రమ్మును నేను

రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రిలో, సర్జికల్ వార్డు ట్రాలీ పై అర నా చోటు. స్టీలు ఒళ్లు, బిగుతు మూత, నడుం చుట్టూ బెజ్జాలు, వాటిని మూసేందుకూ తెరిచేందుకూ జరిగే ఓ పట్టీ. కడుపులో గాజ్ గుడ్డ మడతలు, దూది ఉండలు, ప్యాడ్లు. ఈ ఊళ్లో 1911లోనే డాక్టర్ లిడియా వోర్నర్ లూథరన్ మిషన్ తరఫున ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. మగ డాక్టరుకు ఒళ్లు చూపించడానికి సిగ్గుపడే కాలంలో ఆడవాళ్లకు ఆడ చేతులే కట్లు కట్టాయి. ఆ దారిలో వచ్చిన చేతుల్ని ఇన్నేళ్లుగా నేనూ చూస్తున్నాను.

కొత్తగా వచ్చిన నర్సింగ్ పిల్లలు నన్ను కుక్కి కుక్కి నింపుతారు. గుడ్డ ఎక్కువ పడితే పని ఎక్కువ జరుగుతుందని వాళ్ల లెక్క. ట్యూటర్ మేడం వచ్చి సందుల్లో వేళ్లు పెట్టి చూస్తుంది. వేళ్లు దూరకపోతే అంతా తీయించి మళ్లీ సర్దిస్తుంది. ఆవిరి ప్రతి పోగునూ తాకాలి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వేడి, 15 పౌండ్ల ఒత్తిడి, అరగంట సమయం అన్నీ సరిగ్గా కుదిరినా, ఇరుకులో నలిగిన నడిమి మడతకు ఆవిరి అందకపోతే అది మామూలు గుడ్డే. లోపలికి పంపేముందు బెజ్జాలు తెరవాలి, బయటికి తీయగానే మూసెయ్యాలి. మూత మీది టేపు చారలు నల్లబడితే వేడి తగిలిందని మాత్రమే అర్థం. లోపలంతా శుద్ధి అయిందని ఆ చారలు హామీ ఇవ్వవు. ఈ తేడా పట్టుకున్న పిల్లను నేను వెంటనే గుర్తుపడతాను.

వార్డు ఊడ్చిన వెంటనే డ్రెస్సింగులు మొదలెట్టరు. లేచిన దుమ్ము దిగాలి. ఫ్యాన్లు ఆపాలి. మే నెల ఉక్కలో ఫ్యాను ఆపితే వార్డంతా గొణుగుతుంది. ఆ గొణుగుడుకు లొంగనివాళ్లే మంచి నర్సులవుతారని నా నమ్మకం. ముందు శుభ్రమైన కుట్లు, చీము పుళ్లు చివర. నా మూత తీస్తే లోపలి వైపు నేలకు తిరిగి ఉండాలి. ఫోర్సెప్స్‌తో కావలసినంత తీసుకుని వెంటనే మూయాలి. తీసిన ముక్క మిగిలినా సరే, తిరిగి నాలో వెయ్యకూడదు.

ఒకసారి లంక ఊరి నుంచి ఓ కౌలురైతు వచ్చాడు. ఒంట్లో షుగరు. చేలో ఏదో గుచ్చుకున్న సంగతే ఆయనకు తెలియలేదు. అరికాలికి పుండు పడ్డాక గడ్డిచామంతి పసరు, పసుపు, కాఫీపొడి వరసగా పెట్టారట. పాత కట్టు పుండుకు అతుక్కుపోయింది. రెండో ఏడు చదివే అమ్మాయి దగ్గర కూచుంది.

“లాగెయ్యండమ్మా, నాకేం నొప్పి లేదు” అన్నాడాయన.

“నొప్పి లేదనే భయం బాబాయిగారూ” అందా అమ్మాయి. సెలైన్ పోసి, గుడ్డ దానంతట అది వదిలేదాకా ఆగింది.

ఆ ఆగడంలోనే ఈ విద్య సగం ఉంది. షుగరు వల్ల నరాలు మొద్దుబారిన కాలు కేక పెట్టదు. ఎండిన గుడ్డను లాగితే, అడుగున అప్పుడే పుట్టిన ఎర్రటి లేత కండ కూడా దాంతో లేచివస్తుంది. గాలికి వదిలేస్తే పుండు మానుతుందని మన పల్లెల్లో గట్టి నమ్మకం. 1962లో ఇంగ్లండులో జార్జ్ వింటర్ పందుల మీద పరీక్షించి చూశాడు. చెమ్మ నిలిపిన గాయం మీద కొత్త చర్మం, గాలికి ఎండిన గాయం మీదకన్నా దాదాపు రెండింతల వేగంతో పాకింది. చెమ్మ అంటే గుడ్డ ఓడుతూ ఉండటం కాదు. చుట్టూ ఉన్న చర్మం నానిపోతే అది ఇంకో చేటు.

గుడ్డ వదిలాక ఆ అమ్మాయి పుండును చూసింది. నిజంగా చూసింది. ఎర్రగా ఉన్నదెంత, పసుపుపచ్చగా పట్టిందెంత, నల్లబడిందెక్కడ, వాసనేమిటి, చుట్టూ వేడి ఉందా? కొలిచి రాసింది. నల్ల అంచును డాక్టరుకు చూపించింది. ఒక దూది ఉండతో ఒక్కసారే తుడిచి పారేసింది. తుడిచినచోటికి అదే దూదిని మళ్లీ రానివ్వలేదు. కట్టు వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి తెచ్చింది. ఒక్కో చుట్టూ కింది చుట్టులో మూడింట రెండు వంతులు కప్పింది. వేలి కొసలు మాత్రం బయటే. గోరు నొక్కి వదిలి, రంగు తిరిగి వచ్చేదాకా చూసింది.

షుగరు పుండు ఒక తీరు, తుఫాను గాయం మరో తీరు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుఫాను ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. అలాంటి తుఫానులో రేకులు, కొమ్మలు చీల్చిన గాయాల్లో బురద, ఇసుక ఉంటాయి. అలాంటి గాయాన్ని చూడగానే కుట్టెయ్యాలనిపిస్తుంది. కుడితే మురికి లోపలే ఉండిపోతుంది. కడిగి, గాజ్ గుడ్డ పెట్టి తెరిచే ఉంచి, నాలుగైదు రోజులకు శుభ్రంగా ఉంటే అప్పుడు కుట్టడమే మేలు. ధనుర్వాతం సూది మాత్రం ఆగకూడదు.

ఇప్పుడు నా స్థానంలో ఒక్కో రోగికి ఒక్కో పొట్లం వస్తోంది. రావాలి. ఎంత జాగ్రత్తగా తెరిచినా, పదిమందికి తెరిచిన డబ్బా పదకొండోవాడికి మొదటివాడికున్నంత శుభ్రంగా ఉండదు. విడి పొట్లం చించితే ఆ భయం ఉండదు. ఈ వార్డులో నేను ఖాళీ అయ్యే రోజు త్వరగా రావాలనే కోరుకుంటున్నాను.

ఆ రైతు ఇంటికి వెళ్లేనాటికి పుండు సగానికి సగం తగ్గింది. “చెప్పుల్లేకుండా గట్టు దిగొద్దు బాబాయిగారూ. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాలు చూసుకోండి. కొత్త చెప్పుల్లో ముందు చెయ్యి పెట్టి తడిమి చూడండి” అంది ఆ అమ్మాయి.

“ఆయ్, అలాగేనండి. ఇదంతా మా ఆవిడకి కూడా ఓసారి చెప్పండమ్మా. నాకు చూపు ఆనదు.”

ఆ అమ్మాయి ఆవిణ్ణి పక్కన కూచోబెట్టుకుని, సబ్బుతో చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టింది.