కరెంటు పోయింది, హోంగార్డును పిలవండి

ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే చెన్నూరులో ముందు పోయేది కరెంటు, ఆ వెనకే ఫోన్‌ సిగ్నలు. సింగరేణి వాళ్ల 1200 మెగావాట్ల థర్మల్‌ కేంద్రం ఇదే నియోజకవర్గంలో, జైపూర్‌లో ఉంది. బూడిద మనకు, కరెంటు గ్రిడ్డుకు. పోనీయండి, అది వేరే పంచాయితీ.

ఊరంతా కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. సిరొంచ దిక్కు పోయే లారీలు మీదికొస్తుంటే, తెగిపడ్డ తీగ దగ్గర ఖాకీ బట్టల్లో ఒకాయన నిలబడి ఉంటాడు. చేతిలో సెల్‌ఫోన్‌ లైటు, నోట్లో ఈల. తీగలో కరెంటు ఉందో లేదో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ‘ఎవర్నీ దగ్గరికి రానీయకు’ అని మాత్రం చెప్పిపోయారు. రబ్బరు చేతొడుగులు లేవు, తడిసిన బూట్లున్నాయి. ఊరికి ఆయన హోంగార్డు. సర్కారు లెక్కలో స్వచ్ఛంద సేవకుడు.

అసలు స్వచ్ఛంద పోలీసు అంటే ఎట్లుంటాడో చూడాలంటే న్యూయార్క్‌ పోవాలి. 2003 ఆగస్టు 14న ఒహాయోలో హైటెన్షన్‌ తీగలు చెట్లకు తగిలాయి. కంట్రోల్‌ రూంలో అలారం సాఫ్ట్‌వేర్‌ మొరాయించింది. అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మంది చీకట్లో పడ్డారు. చెట్టుకొమ్మ సాకు మన సబ్‌స్టేషన్ల సొత్తేమీ కాదన్నమాట! సిగ్నళ్లు ఆరిన న్యూయార్క్‌లో ఆగ్జిలరీ పోలీసులు సాయానికి దిగారు. వాళ్లకు జీతం లేదు, అడగరు కూడా. బతుకుతెరువు వేరే ఉంది, తీరిక వేళల్లో యూనిఫాం.

మన దగ్గరా మొదట అనుకున్నది అదే. 1946 డిసెంబరు 6న బొంబాయిలో హోంగార్డులు పుట్టింది, 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతా పునర్వ్యవస్థీకరించింది, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఆపదలో ఆదుకుంటారనే. మధ్యలో ఆ ‘ఎవరి పని’ ఎటో పోయింది. ఇప్పుడు ట్రాఫిక్కు హోంగార్డు, జాతరకు హోంగార్డు, గోదావరికి వరదొస్తే హోంగార్డు, సారు జీపు తోలడానికీ హోంగార్డే. నెలంతా డ్యూటీ చేసి, ‘మమ్మల్ని పర్మినెంట్‌ చేయండి’ అని నోరు తెరిస్తే చాలు, ‘నీ ఇష్టంతో వచ్చినవు కదా తమ్మీ’ అంటారు. ఇష్టం లేదని ఒక రాత్రి ఇంటికి పోయి పడుకోమనండి చూద్దాం!

పర్మినెంట్‌ చేయమనలేం గానీ, నెల డ్యూటీకి కానిస్టేబుల్‌ కనీస వేతనానికి తగ్గకుండా భత్యం పడాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణలో 2025 జనవరి నుంచి రోజుకు 921 రూపాయలు 1000 అయింది. 79 రూపాయలు! ఇంత సొమ్ము ఒక్కసారే చేతికిస్తే సేవాభావం చెడిపోదా అని నాకు దిగులు.

స్వచ్ఛంద సేవ అంత పుణ్యమైతే కింది మెట్టుకే ఎందుకు వదిలేశారు? తీగల మీది కొమ్మలు కొట్టే కాంట్రాక్టరు స్వచ్ఛందంగా కొట్టొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌ కాలిపోతే ఇంజనీరు సారు రోజుభత్యం మీద రావొచ్చు. అట్లా ఎవరూ అడగరు, అడిగితే యూనియన్‌ లేస్తుంది.

ఏటా డిసెంబరు 6న హోంగార్డుల దినోత్సవం చేస్తారు. నిస్వార్థ సేవ మీద ప్రసంగాలు దంచుతారు. నడుమ కరెంటు పోతే మైకు ఆగకుండా జనరేటర్‌ పెట్టుకుంటారు. దానిలో పోసిన డీజిల్‌కు లీటరు లెక్కన, బజారు ధరకే బిల్లు రాస్తారు. డీజిల్‌ను మాత్రం ఎవరూ సేవాభావం అడగరు.