అటక దిగిన మరచెంబు

లాలాపేట్‌లో ఒక పాత ఇంటిని అపార్ట్‌మెంటుకు ఇచ్చేసి, అటక ఖాళీ చేశారు. అక్కడ దొరికిన ఇత్తడి మరచెంబు ఇప్పుడు తన కథ తాను చెప్పుకుంటోంది.

తనది రైలు బతుకట. 1893లో నిజాం కాలపు రైల్వే కోసం మొదలైన లాలాగూడ వర్క్‌షాపు ఆ ఇంటికి దగ్గరే. ఇంటి పెద్దాయన అందులో ఫిట్టరు. పాసు మీద కుటుంబమంతా కాజీపేట, బెజవాడ వైపు బయల్దేరితే తాగునీళ్లు తనలోనే. మర బిగిస్తే బండి ఎంత కుదిపినా చుక్క కారేది కాదు. మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన ముత్తవ్వ పేరు ఇప్పటికీ వేలికి తగులుతుంది.

ప్లాస్టిక్ సీసాలొచ్చాక తనతో పని తీరింది. తోటి బిందెలు, గంగాళం స్టీలు సామాన్లవాడి తక్కెడ ఎక్కాయి. తూకంలో ముత్తవ్వ పేరుకు ధర లేదు! మూత బిగుసుకుపోయిన తాను అటకెక్కింది.

పిల్లలకు బరువు మిగల్చకుండా బతికుండగానే సామాను సర్దుకోవాలంటూ స్వీడన్ రచయిత్రి మార్గరెటా మాగ్నుసన్ రాసిన పుస్తకం 2017లో ఇంగ్లిష్‌లో వచ్చింది. ఈ ఇంట్లో ఆ పని నానమ్మ చేసింది. ఉస్మానియాలో చదివే మనవరాలిని ఒక్కటే అడిగింది: “దీంట్ల రోజూ నీళ్లు తాగుతవా బిడ్డా? తాగుతనంటె తీస్కపో.”

వేడినీళ్లకు మర వదిలింది. మరచుట్లలో పేరుకున్న పచ్చటి చిలుమును చింతపండు, ఉప్పు, కొబ్బరిపీచు కలిసి వదలగొట్టాయి. ఇప్పుడు రాత్రి నింపిన నీళ్లు పొద్దున మనవరాలు తాగుతోంది. ఇత్తడి పాత్రలో నిల్వ ఉంచిన నీళ్లలో ఈ.కోలై బ్యాక్టీరియా 48 గంటల్లో నశించిందని 2005లో శాస్త్రవేత్త రాబ్ రీడ్ బృందం చూపింది. అలాగని మురికినీళ్లు పోయకూడదు. మజ్జిగ, నిమ్మరసం అసలే వద్దు, పులుపుకు ఇత్తడిలోని రాగి కరుగుతుంది. చారు కాచే ఇత్తడి గిన్నెకైతే కళాయి, అంటే తగరం పూత, తప్పనిసరి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీ గిన్నెను మంట మీద వదిలేస్తే ఆ పూత పోతుంది.

మనవరాలు వద్దన్నవాటిని నానమ్మ దాచలేదు. కంచు కంచాలు చెల్లెలి ఇంటికెళ్లాయి, అక్కడ రోజూ అన్నం తింటున్నారు.

మీ అటక సర్దే రోజున తక్కెడవాణ్ని పిలిచే ముందు ఇంట్లో పిల్లల్ని పిలవండి. వాడతామన్నది వాళ్లకివ్వండి, మిగిలింది వాడే చుట్టాలకు పంపండి.