ల్యాబులో స్టీలు గిన్నె ఆత్మకథ

నన్ను పట్టుకోవాలంటే పటకారు ఉండాలి. వట్టి చేత్తో తాకితే వేలి జిడ్డు అంటుకుని తూకం మారిపోతుంది. మిల్లీగ్రాములో పదోవంతుకు కూడా లెక్క చెప్పే త్రాసు మీద గడిచిన బతుకు నాది. కొత్తగా చేరిన పిల్లలు మరిచిపోయి వేళ్లతో ఎత్తబోతే ల్యాబు మేడం ఊరుకునేవారు కాదు. "పటకారుతో పట్టుకోమ్మా, లేకపోతే నీ చెయ్యి కూడా తూకానికొస్తుంది" అనేవారు. ఆ మాట వింటే నాకెంత గౌరవంగా ఉండేదో!

ఎక్కడో రేకును అచ్చులో నొక్కితే తయారయ్యాను. అంతకుమించి పుట్టుక గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. నా అసలు జీవితం హైదరాబాద్‌లో, ప్యాకింగ్ సామగ్రిని పరీక్షించే ఒక ల్యాబులో మొదలైంది. పచ్చళ్ల డబ్బాలు, నూనె పౌచ్‌లు, టిఫిన్ పార్సిల్ డబ్బాలు అక్కడికొస్తాయి. ప్లాస్టిక్‌లోంచి తిండిలోకి ఏమైనా దిగుతోందా, దిగితే ఎంత అన్నది తేల్చాలి. ఆ పద్ధతంతా ఐఎస్ 9845 అనే భారతీయ ప్రమాణంలో రాసి ఉంది.

పప్పులోనో పచ్చడిలోనో కలిసిపోయిన మిల్లీగ్రాములను ఏరి తూచడం అయ్యే పని కాదు. అందుకని తిండికి బదులు శుభ్రమైన ద్రవాలు వాడతారు. పులుపుకు 3 శాతం ఎసిటిక్ ఆమ్లం, నూనెకు హెప్టేన్, అలా తిండిని బట్టి ద్రవం. నూనె ఆవిరి కాదు. హెప్టేన్ ఆనవాలు లేకుండా ఎగిరిపోతుంది, అందుకే నూనె స్థానంలో దానికి చోటు. మామూలుగా నిల్వ ఉంచే సరుకైతే ఎసిటిక్ ఆమ్లం లాంటి నీటి ద్రవాలను డబ్బాలో పోసి 40 డిగ్రీల దగ్గర 10 రోజులు ఉంచుతారు. తర్వాత ఇగరబెట్టి, కాస్త మిగిలాక నాలో పోస్తారు.

అక్కణ్నుంచి పని నాది. వాటర్‌బాత్ వేడి మీద కూర్చోబెడతారు. ద్రవం అంచుల నుంచి వెనక్కి తగ్గుతూ తగ్గుతూ నా అడుగున చిన్న మడుగవుతుంది. ఆపైన అదీ పోతుంది. 100 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, తేమ చేరని డెసికేటర్‌లో చల్లార్చి, త్రాసు అద్దాల తలుపులు మూసి తూస్తారు. ఒక్కోసారి కంటికేమీ కనిపించదు. ఒక్కోసారి వెలుతురుకు వంచి చూస్తే పల్చటి పొర, సబ్బునీళ్లు ఆరిన మరకలా. ఆ మరకే కావాలి మాకు. చదరపు డెసిమీటరుకు 10 మిల్లీగ్రాములు, లేదా కిలో తిండికి 60 మిల్లీగ్రాములు, అదీ హద్దు. డబ్బా తగలని ద్రవాన్ని కూడా పక్కన ఒక గిన్నెలో ఇగరబెడతారు, ద్రవంలోనే మురికి ఉంటే ఆ బరువును లెక్కలోంచి తీసేయడానికి. బ్లాంక్ అనే ఆ వంతు నాకొచ్చిన రోజు మరీ గర్వపడేదాన్ని. మిగతా గిన్నెలన్నిటి లెక్కా నా మీదే ఆధారపడేది.

అయితే నాలో ఎంత మిగిలిందో చెప్పగలను గానీ, ఏం మిగిలిందో చెప్పలేను. పెట్ ప్లాస్టిక్ సీసాల తయారీలో వాడే ఆంటిమొనీకి మన నిబంధనల్లో హద్దు కిలోకు 0.04 మిల్లీగ్రాములు. అరవై ఎక్కడ, అదెక్కడ! నా అడుగున ఉన్నా నా త్రాసుకు అందదు, పక్కగదిలోని యంత్రాలే పట్టుకోవాలి. ఆవిరైపోయే రసాయనాలైతే ఓవెన్‌లోనే నన్ను దాటిపోతాయి. నా ఒక్కదాని అంకె చూపించి అన్ని పరీక్షలూ నెగ్గామని చెప్పుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఒకరోజు ఎవరో సింకులో జారవిడిచారు. అంచు వంగింది. వాటర్‌బాత్ మీద సరిగ్గా కూర్చోలేకపోయాను. రిజిస్టరులో నా నంబరు కొట్టేసి, శాంపిళ్లు తీసుకునే బల్ల మీద పడేశారు. పిన్నులు, రబ్బరు బ్యాండ్లు, మూతల్లేని పెన్నులు నాలో చేరాయి. ఎవరైనా వచ్చి తోమి తూస్తారేమోనని చాలాకాలం ఎదురుచూశాను. ఒకాయన వేరుశెనక్కాయల పొట్టు వేసి వెళ్లాడు. అన్నం తిన్న చేతులతో పక్కకు నెడతారు. వేలిముద్రలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఒకప్పుడు వాటిలో ఒక్కటి పడినా పరీక్ష మళ్లీ చేసేవారు.

మధ్యాహ్నం ఆ బల్ల మీదికే హోటల్ నుంచి పల్చటి కవర్లో పొగలు కక్కే సాంబారు వస్తుంది. కవరు వేడికి మెత్తబడి సాగి ఉంటుంది. ఆ కవరును ఏ గిన్నే చూడలేదు. చూసినా, 40 డిగ్రీల దగ్గర వచ్చిన అంకె మరిగే సాంబారుకు చెల్లదు. వేడివేడిగా నింపే తిండికి ప్రమాణంలో వేరే ఉష్ణోగ్రతలు, వేరే గంటలు ఉన్నాయి. ఈ మాట వాళ్లకు ఎలా చెప్పను?

మొన్న ఒక పచ్చళ్ల వ్యాపారి పౌచ్‌లు తెచ్చాడు. "నీళ్లతో చేసిచ్చేయండి మేడం, రిపోర్టు తొందరగా కావాలి" అన్నాడు.

"ఇందులో ఏం నింపుతారండీ?"

"ఆవకాయండీ."

"ఎన్నాళ్లు నిల్వ?"

"ఏడాదండీ."

"పులుపుంది, నూనె ఉంది, ఏడాదంతా ఇందులోనే ఊరుతుంది. నీళ్లతో చేసిన రిపోర్టు మీ ఆవకాయకు ఎలా వర్తిస్తుందండీ?" అంటూ మేడం నాలోంచి పెన్ను తీసి, శాంపిల్ ఫారంలో ఎసిటిక్ ఆమ్లం, హెప్టేన్ రెండు గళ్లలోనూ టిక్కు పెట్టారు. తూకం నిలకడయ్యేదాకా కొత్త గిన్నెలను ఓవెన్‌లో పెట్టమని లోపలికి కేకేశారు.