బిళ్ళ వీపు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

వేలు తాకినంత వెలయునా భేదమ్ము?
వెనక తిప్పి చూడు, వింత తెలియు;
మసియె యుబ్బెనేమొ, మరి కాగితమ్మేమొ,
బిళ్ళ వీపు చెప్పు, బిడ్డ! నిజము.

టీక: వేలు తాకినంత = చూపుడువేలి కొన ఆనించిన మాత్రాన; భేదమ్ము = ఏ పద్ధతిలో అచ్చయిందన్న తేడా; వెలయునా = బయటపడునా, పడదని భావము; వెనక తిప్పి చూడు = తపాలా బిళ్ళను బోర్లించి చూడుము; వింత = ముందువైపు దాచినది; మసి = అచ్చుసిరా, అంతేగాని బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో గాలికి లేచి కవరు మీద వాలెడు బొగ్గుపొడి గాదు; బిళ్ళ వీపు = జిగురు పూసిన పక్క; బిడ్డ = చదువుచున్నవాడా, వయసుతో నిమిత్తము లేదు.

తాత్పర్యం: బిళ్ళ మీది బొమ్మ వేలికి తగిలితే అది ఉబ్బిందని మాత్రమే తెలుస్తుంది, దేనివల్ల ఉబ్బిందో తెలియదు. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే కాబట్టి కవి హృదయం గురించి వివాదం లేదు. ఉబ్బుకు ప్రధానంగా రెండు దారులు. మొదటిది రిసెస్ అచ్చు. లోహపు పలక మీద గీతల్ని గాట్లుగా చెక్కి, సిరా పూసి, పైపైన ఉన్నదంతా తుడిచేస్తారు. గాట్లలో మిగిలిన సిరాను, బలంగా అదిమిన కాగితం తనతో పైకి లాక్కొస్తుంది. ఆరిన తర్వాత ప్రతి గీతా సన్నని గట్టులా నిలబడుతుంది. రెండోది ఎంబాసింగ్. ఒక అచ్చు, దానికి సరిపోయే ఎదురచ్చు, నడుమ కాగితం. ఇక్కడ లేచేది కాగితమే. సిరా ఉన్నా లేకున్నా దానికి పట్టదు. దీన్ని బోర్లిస్తే ముందు గుట్ట ఉన్నచోటల్లా వెనక గుంట ఉంటుంది. రిసెస్ బిళ్ళ వీపు మాత్రం దాదాపు చదునే. లెటర్‌ప్రెస్ ఈ రెండింటికీ తలకిందులు: ఎత్తుగా ఉన్న అక్షరం కాగితంలోకి దిగబడుతుంది గనుక ముందు నొక్కు, వెనక ఉబ్బు. లిథో, ఫోటోగ్రావ్యూర్ అచ్చుల్లో వేలికి చిక్కేంత సిరా మందమే ఉండదు. వాటి గురించి ఈ పద్యం మౌనం వహించడం సబబే.

దృష్టాంతం కోసం దూరం పోనక్కరలేదు. గోదావరిఖని ఉన్న బొగ్గుబెల్టు నిజాం రాజ్యంలోదే, ఆ రాజ్యానికి సొంత టపా ఉండేది. 1869 నాటి మొదటి అణా బిళ్ళకు లండన్‌లో నిస్సెన్ అండ్ పార్కర్ పలకలు చేసింది. 1870లో అర్ధణా, రెండణాల బిళ్ళలకు పలకలు ఇక్కడే చెక్కించారు. ఒక్కో పలక మీద 240 బిళ్ళలనూ విడివిడిగా చేత్తో చెక్కడంతో ఏ రెండూ అచ్చంగా ఒకేలా రాలేదు. 1871లో ఆ పని బ్రాడ్‌బరీ విల్కిన్సన్‌కు దక్కింది. ఇల్లందు దగ్గర భూగర్భ సర్వే శాఖ ఉద్యోగి విలియం కింగ్ బొగ్గు కనిపెట్టింది కూడా ఆ ఏడాదే. ఈ బిళ్ళలన్నీ రిసెస్ అచ్చులే. 1931లో వచ్చిన చార్మినార్ అణా బిళ్ళా అంతే. దీపాన్ని పక్కకు వంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే మినార్ల గీతలకు సన్నని నీడలు పడతాయి. దాని పక్కన 1937 నిజాం రజతోత్సవ బిళ్ళను పెట్టండి, నాసిక్‌లో లిథోలో అచ్చయిన ఉస్మానియా ఆసుపత్రి బొమ్మది. దీపాన్ని ఎటు వంచినా నీడ పడదు. రాజు ఒక్కడే, టపా ఒక్కటే, తేడా అచ్చు యంత్రంలోనే ఉంది.

పూర్వపక్షి ఇక్కడ లేస్తాడు: ‘చార్మినార్‌ను వేలే పట్టిచ్చింది కదా, ఇక వీపుతో పనేమిటి?’ అయ్యా, వేలు పట్టిచ్చింది ఎత్తును మాత్రమే. 1847 నుంచి 1854 దాకా బ్రిటన్ ఎంబాసింగ్ బిళ్ళలు విడుదల చేసింది. వేలు అక్కడా ‘ఉబ్బింది’ అనే అంటుంది. శుభలేఖల మీద సిరా తడిగా ఉండగానే పొడి చల్లి, వేడి చేసి ఉబ్బించే థర్మోగ్రఫీ ఉంది. వేలిది అక్కడా అదే మాట. జిబ్రాల్టర్ 2002లో తన కొండరాతి పొడినే ఈ పద్ధతిలో బిళ్ళల మీదికి ఎక్కించింది. (మన దగ్గర బొగ్గుపొడిని ఎవరూ ఎక్కించనక్కరలేదు, అదే వచ్చి ఎక్కుతుంది.) ముగ్గురు వేర్వేరు ముద్దాయిలకూ ఒకే సాక్ష్యం చెప్పే సాక్షిని ఏ కోర్టూ నమ్మదు. బొగ్గుబాయి దిగినవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. పైకప్పు గట్టిదో కాదో చూసే సర్దార్ కర్రతో తట్టి డొల్ల శబ్దం వింటాడు, రెండో చేతిని కప్పుకు ఆనించి అదురు చూస్తాడు. చెయ్యీ చెవీ ఒకే మాట చెబితేనే మనుషుల్ని ఆ కప్పు కిందికి పంపుతాడు.

రెండో ఆక్షేపణ దీనికన్నా బరువైనది. రిసెస్ అచ్చులోనూ కాగితం గాట్లలోకి దిగుతుంది, కాబట్టి గీతలు దట్టంగా ఉన్నచోట వీపు మీద కొద్దిగా గుంట పడవచ్చు. అప్పుడు బిళ్ళ వీపు కూడా అబద్ధం చెప్పినట్టే గదా? నిజమే, ఒక్క గుంటను చూసి తీర్పు చెప్పకూడదు. ఇక్కడ తార్కికుల అన్వయ వ్యతిరేకాలు అక్కరకొస్తాయి. రిసెస్‌లో సిరా ఉన్నచోటే ఉబ్బు; సిరా లేనిచోట ఉబ్బు లేదు. ఎంబాసింగ్‌లో ఈ ముడి తెగిపోతుంది. ఆ బ్రిటన్ షిల్లింగు బిళ్ళ మీద విక్టోరియా తల తెల్లగా ఉంటుంది, సిరా అంతా చుట్టూ ఉన్న నేల మీదే. లేచింది తల, సిరా పడింది నేలకు. 1852లో సింధ్‌లో బార్టిల్ ఫ్రియర్ పెట్టించిన ‘సిండే డాక్’ బిళ్ళల్లో తెల్లదైతే ఇంకా స్పష్టం: దాని మీద సిరా చుక్కే లేదు, బొమ్మంతా కాగితం ఉబ్బే. వాటిలో ఎర్రది లక్కలాంటి పెళుసు బిళ్ళ మీద అచ్చొత్తింది. పగిలిపోయే గుణం ఉన్నది గనుక దాని మీద వేలి ప్రయోగాన్ని ఈ వ్యాఖ్యాత నిషేధిస్తున్నాడు.

మూడో ఆక్షేపణ గోదావరిఖని వాస్తవ్యులది. ‘మా ఇంట్లో పాత ఉత్తరాల మీది మామూలు బిళ్ళలకు కూడా వీపు ఉబ్బింది, అవి ఏ జాతి?’ నిజాం బిళ్ళలు 1950తో ఆగిపోయాయి. రామగుండం గనుల పని 1960 ప్రాంతంలో మొదలై, దాని వెంట ఈ ఊరు పెరిగింది. కబీర్, మీరా, గాలిబ్ మొదలైనవారి బొమ్మలతో 1952లో నాసిక్ ముద్రణాలయం ఫోటోగ్రావ్యూర్ మొదలుపెట్టాక మన బిళ్ళలు చాలావరకు ఆ చదును అచ్చులోనే వచ్చాయి. కనుక ఆ ఉబ్బు నాసిక్‌ది కాదు, పోస్టాఫీసులో తేదీ ముద్ర వేసిన సుత్తిది. రుజువు కావాలా? ఆ ఉబ్బు బొమ్మ గీతల్ని అనుసరించదు, ముద్ర వలయాన్ని అనుసరించి బిళ్ళ అంచు దాటి కవరు మీదికి కూడా పోతుంది.

ఇక చివరి చిక్కు: బిళ్ళ కవరుకు అతికి ఉంటే వీపు చూడటం ఎలా? నీళ్లలో నానబెడదామనే ఆత్రం వద్దు. ఎంబాసింగ్ తడికి చదునవుతుంది, చిరునామా చెరుగుతుంది, ముద్ర కథ ముగుస్తుంది. సిగరెట్ ప్యాకెట్లోని వెండి కాగితాన్ని బిళ్ళ మీద పరిచి, వేలి మెత్తని భాగంతో నెమ్మదిగా రుద్దితే రిసెస్ గీతలు దాని మీద తేలతాయి. (ఆ కాగితం బాయిలో దొరకదు; బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె లోపలికి తీసుకుపోవడం నేరం.) గట్టిగా రుద్దితే గట్టులే అరిగిపోతాయి, కాబట్టి వాడిన మామూలు బిళ్ళలకే ఈ పరీక్ష. అసలు బిళ్ళే లేకుండా కవరు మీదే రాణి తలను ఎంబాస్ చేసిన 1856 నాటి అర్ధణా కవరు చేతికొస్తే, జిగురు పక్క అన్న టీక అక్కడ చెల్లదు. దాని వీపు కవరు లోపల ఉంది. మడత విప్పి, లోపలికి వేలు పోనిచ్చి తడిమితే గుంట తగులుతుంది.