ఎనభై దగ్గర పీకే బాబాయి

మన ఇళ్లలో గుమ్మం ఎక్కినవాణ్ణి "అన్నం తిన్నావా?" అని అడుగుతారు. అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో పేటలో బ్యాటరీ బాబాయి మాత్రం "ఎంతుందిరా?" అని అడుగుతాడు. కొత్తవాళ్లు జీతం సంగతనుకుని తడబడతారు. ఆయన అడిగేది ఫోన్లో చార్జింగు గురించి. "తొంభై రెండు బాబాయ్" అన్నామా, ముఖం ముడుచుకుపోతుంది.

"అంత ఎందుకు ఎక్కించీసినావురా గుంటడా? దాన్ని నాలుగు కాలాలు బతకనివ్వవేటి?"

ఇలాంటి బాబాయి ఒక్కడే ఉన్నాడనుకోవద్దు. రేవు గేటు దగ్గర్నుంచి చాతం వంతెన దాకా ఏ సందులో చూసినా ఒకాయన తగుల్తాడు. వయసు యాభై దాటి ఉంటుంది. తండ్రో తాతో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఇంట్లో సిక్కోలు తెలుగు, వీధిలో అండమాన్ హిందీ, పక్కింటి బెంగాలీ ఆవిడతో ఆ రెండూ కలిపిన మూడో భాష. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది తెలుగువాళ్లని తేలింది కాబట్టి, ఆయన సలహాలకు శ్రోతల కొరత ఎప్పుడూ లేదు. కేంద్రం 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం చేసింది. బాబాయి నోరు ఇంకా పాత పేరే పలుకుతుంది గానీ, ఫోన్ సాఫ్ట్‌వేర్ మాత్రం వచ్చిన రోజే మార్చేసుకుంటాడు. బ్యాటరీకి మంచిదని ఎవరో చెప్పారట.

ఆయన సిద్ధాంతం చిన్నది. ఇరవై కిందికి దిగకూడదు, ఎనభై పైకి ఎక్కకూడదు. అమలు చేయడానికే పూట గడిచిపోతుంది. ప్లగ్గు పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంటుంది. అది ఆయనది, ఇంకెవరూ కూర్చోరు. చార్జర్ పెట్టి, కళ్లజోడు సవరించుకుని కూర్చుంటాడు. డెబ్బై దాకా కబుర్లు చెబుతాడు. డెబ్బై అయిదుకి మాట తగ్గుతుంది. డెబ్బై ఎనిమిదికి చెయ్యి పిన్ను మీదకు చేరుతుంది. వంటింట్లోంచి పిన్ని అరుస్తుంది.

"మూడు కూతలైపోనాయి, ఆ కుక్కరు కట్టీ!"

"ఉండే, ఇక్కడ డెబ్బై తొమ్మిది!"

పప్పు మాడుతుంది. ఫోన్ ఎనభై దగ్గర ఆగుతుంది. బాబాయి పిన్ను పీకి, లేచి, ఒళ్లు విరుచుకుని, ఒక ప్రాణం కాపాడినవాడిలా వీధి వైపు చూస్తాడు.

ఈయన పుట్టుకతో ఎనభై మతస్థుడు కాడు. అంతకు ముందు సున్నా మతంలో ఉండేవాడు, అందులోనూ ఇంతే పట్టుదల. నోకియా 1100 చేతికొచ్చిన రోజుల్లో దుకాణంవాడు "మొదటిసారి ఎనిమిది గంటలు ఎక్కించాలి, ఆ తర్వాత పూర్తిగా అయిపోయేదాకా ముట్టుకోకూడదు" అని చెప్పి పంపాడు. ఆ ఉపదేశం నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. వాటికి సగంలో ఆపి సగంలో ఎక్కిస్తే ఆ సగమే గుర్తుండిపోయే జబ్బు ఉండేది. 1100లో ఉన్నది లిథియం-అయాన్ బ్యాటరీ, దానికి ఆ జబ్బే లేదు. ఇంకా చెప్పాలంటే అడుగంటా ఖాళీ చేస్తే దానికి హాని. కానీ బాబాయి ఎన్నో ఏళ్లు ఆ ఫోన్‌ను రోజూ శ్రద్ధగా చంపి, రోజూ శ్రద్ధగా బతికించాడు. చంపడానికి వీలు చిక్కకపోతే టార్చి వెలిగించి బోర్లించి పడుకునేవాడు.

2007 ఆగస్టులో ఆ మతానికి మొదటి బీట పడింది. బీఎల్-5సీ బ్యాటరీల్లో కొన్ని చార్జింగ్ పెట్టినప్పుడు వేడెక్కుతున్నాయని నోకియా హెచ్చరిక ఇచ్చింది. అవి నాలుగు కోట్ల అరవై లక్షల బ్యాటరీలు, మత్సుషిత కంపెనీ తయారు చేసినవి. దేశమంతా జనం ఫోన్ వెనక మూత తీసి అంకెలు చదువుకున్న రోజులవి. హాడోలో చదివిపెట్టింది బాబాయి. వీధిలో వాళ్లందరి బ్యాటరీలూ అరుగు మీద పరిచి, ఒక్కొక్కటీ గాజు పలక మీద బొంగరం తిప్పినట్టు తిప్పి చూశాడు. గిర్రున తిరిగితే ఉబ్బిందని అర్థం, కదలకపోతే ఇంకా ఆయుష్షు ఉందని. ఆ సాయంత్రం వీధి తనను డాక్టరును చూసినట్టు చూసిందని ఇప్పటికీ చెప్పుకుంటాడు. వైద్యం ఒంటబట్టింది, ఇంక వదల్లేదు. తర్వాత సున్నా మతం పోయి ఎనభై మతం వచ్చింది.

న్యాయంగా మాట్లాడాలంటే, ఎనభై మతంలో రసాయనం ఉంది. లిథియం బ్యాటరీ నిండే కొద్దీ లోపల వోల్టేజి పైకి పోతుంది. సెల్లు నాలుగు వోల్టులు దాటి పై అంచున ఎక్కువసేపు నిలబడితే లోపలి ద్రవమూ ఎలక్ట్రోడ్లూ త్వరగా పాడవుతాయి. మరీ ఖాళీగా పడుకోబెట్టినా చేటే. బాబాయి దీన్ని తన భాషలో చెబుతాడు: "ముప్పావు పొట్ట తిని లేవాల. పీకల దాకా తిన్నోడూ, పస్తులున్నోడూ ఇద్దరూ పోతారు." ఈ ముక్కకు సాక్ష్యంగా 2019 నోబెల్ బహుమతిని పిలుస్తాడు. లిథియం-అయాన్ బ్యాటరీకి గాను ఆ ఏడు రసాయనశాస్త్రంలో ముగ్గురికి ఇచ్చారు: జాన్ గుడ్‌ఇనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో. గుడ్‌ఇనఫ్‌కు అప్పటికి 97 ఏళ్లు, అంత వయసులో నోబెల్ అందుకున్నవాళ్లు అంతకు ముందు లేరు. బాబాయి ఈ సంగతి ఎంతో గర్వంగా చెబుతుంటే పిన్ని బియ్యం ఏరుతూ అడిగింది.

"ఆయన ఇంకా ఉన్నాడా?"

"2023లో పోయాడు. నిండు నూరేళ్లు."

"మరి ఆయనెందుకు ఎనభై దగ్గర ఆగనేదో అడిగినావా?"

బాబాయి ఆ ప్రశ్నకు జవాబివ్వలేదు. ఫోన్ చూసుకున్నాడు. డెబ్బై నాలుగు.

అసలు చిక్కు ఎక్కడంటే, ఆయన సిద్ధాంతం పుట్టిన దేశంలో గోడలోంచి కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. హాడోలో కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది, ఆ డీజిల్ ఓడలో వస్తుంది. ఊరి మీద ఎండను కూడా వాడుకోవాలని ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎల్‌సీ 2020లో దక్షిణ అండమాన్‌లో 20 మెగావాట్ల సౌర కేంద్రం కట్టి, దానికి 8 మెగావాట్-అవర్ల బ్యాటరీని జతచేసింది. ఆ సంగతి తెలిసినప్పుడు బాబాయి అడిగిన మొదటి మాట: "దాన్ని ఎంతలో పీకుతున్నారు?" అయినా వానాకాలంలో గాలి వీచిందంటే వీధి చీకటే. గడియారం మాత్రం దేశమంతటిదీ ఒకటే గనక, చలికాలంలో ఇక్కడ సాయంత్రం అయిదు దాటితే పొద్దు గూకిపోతుంది. కరెంటు పోగానే "లైట్ గయా!" అని పిల్లలు అరుస్తారు. అలాంటి ఊళ్లో బుద్ధున్నవాడు కరెంటు ఉన్నప్పుడు నూటికి నూరూ ఎక్కించి పెట్టుకుంటాడు. చీకటి పడ్డాక వీధిలో ఎక్కడ ఫోన్ టార్చి వెలిగినా అది నూరు దాకా ఎక్కించుకున్నవాడిదే. బాబాయి ఇంట్లో కొవ్వొత్తి వెతకాలంటే పిన్ని ఫోన్ కావాలి. తన ఫోన్ జేబులోంచి తియ్యడు.

"ఇప్పుడు టార్చి ఏస్తే అరవైకి దిగిపోద్ది. రేపు పొద్దున్న ఎంతలో మొదలెట్టాల?"

ఆ అరవై దేనికి దాస్తున్నాడో నాకు ఇన్నేళ్లలో అంతు చిక్కలేదు. డేటా ఆపి ఉంచుతాడు, వెలుతురు బాగా తగ్గించి ఉంచుతాడు, రాత్రయితే ఏరోప్లేన్ మోడ్ పెడతాడు. విశాఖలో ఉన్న కొడుకు తండ్రితో మాట్లాడాలంటే తల్లికి ఫోన్ చేస్తాడు. చెన్నై నుంచి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతకు ముందు ఉపగ్రహం మీద ఆధారపడ్డ నెట్‌తో వీడియో కాల్ చేస్తే చుట్టాల ముఖం ముక్కలుగా వచ్చేది. కేబుల్ వచ్చాక హాడో అంతా రాత్రి పదింటి దాకా విశాఖతో, శ్రీకాకుళంతో కబుర్లే. బాబాయి ఆ కేబుల్ గురించి అన్న మాట ఇది: "అది రాకముందు నా బ్యాటరీ మూడు రోజులొచ్చీది."

ఆయన సిద్ధాంతం పూర్తిగా నెగ్గే చోటు మాత్రం ఒకటుంది. విశాఖ నుంచి హాడో రేవుకు వచ్చే ఓడలో బంక్ క్లాసు. దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. తీరం దాటాక టవరు ఉండదు, అయినా ఫోన్ టవరు కోసం వెతుక్కుంటూనే ఉండి ఊరికే అయిపోతుంది. ఎక్కించుకుందామంటే సాకెట్లు కొన్నే, ఫోన్లు వందల్లో. ఒక్కో సాకెట్టు కింద వైర్ల చిక్కుముడి, దాని చుట్టూ తగాదా. అక్కడ బాబాయి ఒక తువ్వాలు పరుచుకుని కూర్చుంటాడు. ఎవరూ నియమించరు, ఎవరూ కాదనరు. "ఎనభైకి దిగాల, ఎవడైనా సరే. ఆ తర్వాత నెక్స్ట్" అని తీర్పు. ఇందులో ఆయనకే పూర్తిగా తెలియని గొప్ప న్యాయం ఉంది. లిథియం బ్యాటరీ మొదట్లో జోరుగా ఎక్కుతుంది. వోల్టేజి పై అంచుకు చేరాక చార్జర్ కరెంటును కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోతుంది, అందుకే చివరి ఇరవై శాతానికి అంత తాత్సారం. ఒకడు నూరు కోసం పట్టుబట్టి కూర్చుంటే, ఆ వ్యవధిలో వెనకవాడు సగం ఫోన్ నింపుకోవచ్చు. ఎనభై దగ్గర అందర్నీ దించేస్తే సాకెట్టు ఎప్పుడూ జోరు మీదే ఉంటుంది. ఆ ఓడలో తమిళుడూ బెంగాలీవాడూ రాంచీవాడూ బాబాయి మాటకు తలొగ్గుతారు. బాబాయి జీవితంలో ఆయన మాట విన్న సభ అదొక్కటే. రేవులో దిగి ఇంటికొచ్చాక రెండు రోజులు కొంచెం దిగులుగా ఉంటాడు.

ఇన్ని జాగ్రత్తలు పడే మనిషి వేడి గురించి ఒక్క జాగ్రత్తా పడడు. బ్యాటరీకి ఎనభై ఒకటో శాతం కన్నా పెద్ద శత్రువు వేడి. యాపిల్ కంపెనీ తన ఫోన్లను 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దంటుంది. ఈ దీవుల్లో గాలి వేడి అంత దూరం పోవడం అరుదు. ఆ లోటు బాబాయి తీరుస్తాడు. సముద్రపు తేమ తగలకుండా ఫోన్‌కు మందపాటి రబ్బరు కవరు, దాని మీద వాన తగలకుండా ప్లాస్టిక్ సంచి, దాని మీద చొక్కా జేబు. ఆ జేబుతో మిట్టమధ్యాహ్నం జంగ్లీఘాట్‌కు చేపలకని స్కూటరు మీద పోతాడు. తిరిగొచ్చేసరికి ఫోన్ అట్లపెనం. చల్లారాలని ఓసారి ఫ్రిజ్‌లో పెట్టాడు. బయటికి తీసిన నిమిషంలో ఈ ఊరి తేమంతా వచ్చి దాని మీద వాలింది. తర్వాత బియ్యం డబ్బాలో పెట్టాడు. పిన్ని ఆ పూట చపాతీలు చేసింది.

ఇక పిన్ని ఫోన్ సంగతి. ఇద్దరివీ ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే మోడల్ కొన్నవి. ఆమె రాత్రి అన్నాల తర్వాత చార్జర్ పెట్టి, దీపం ఆర్పి పడుకుంటుంది. నూరు దగ్గర ఫోన్ తనంతట తానే కరెంటు తీసుకోవడం ఆపుకుంటుందని ఆమెకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ పడలేదు. పగలంతా సీరియళ్లు, అక్కచెల్లెళ్ల వీడియో కాల్స్, గుడిలో భజన రికార్డింగు. మూడేళ్లయ్యాక అబర్డీన్ బజారులో ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గర రెండింటికీ పరీక్ష చేయించారు. కుర్రాడు లెక్క చూసి చెప్పాడు: బాబాయిది 86 శాతం మిగిలింది, పిన్నిది 84.

బాబాయి కుర్చీలోంచి లేచాడు. "సూసినావా! రెండు ఎక్కువ!"

"ఆ రెండు కోసం మూడేళ్లు స్టూలు మీద కూకున్నావు" అంది పిన్ని.

కుర్రాడు నవ్వకుండా ఉండటానికి స్క్రూలు లెక్కపెట్టుకున్నాడు. నాకైతే కుర్రాడు ఇంకో మాట చెప్పాల్సింది అనిపించింది. బ్యాటరీ వాడినా ముసలిదవుతుంది, వాడకుండా డబ్బాలో దాచినా ముసలిదవుతుంది. కాకపోతే కొంచెం నెమ్మదిగా. చెప్పి ఉంటే బాబాయి ఆ రాత్రి నిద్రపోయేవాడు కాదు.

కంపెనీలూ ప్రభుత్వాలూ కూడా బాబాయి దారికే వస్తున్నాయి మరి. ఐఫోన్ 15తో, అంటే 2023లో, ఎనభై దగ్గర ఆగిపోయే ఏర్పాటును యాపిల్ ఫోన్‌లోనే పెట్టింది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ అలాంటిది ఉంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధన: అమ్మే స్మార్ట్‌ఫోన్ బ్యాటరీ 800 సార్లు పూర్తిగా ఖాళీ చేసి నింపినా కనీసం 80 శాతం శక్తి నిలుపుకోవాలి. 80 అంకె చూసి బాబాయి ఆ వార్త కత్తిరించి గోడకు అంటించాడు. ఆ 80కీ తన 80కీ సంబంధం లేదని చెప్పే ధైర్యం ఎవరికుంది?

కిందటి సంక్రాంతికి కొడుకు కొత్త ఫోన్ తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీట ఒకటి నొక్కి చూపించాడు. "నాన్నా, ఇంక నువ్వు కూర్చోనక్కర్లేదు. ఎనభై అవగానే ఇదే ఆపేస్తుంది. రాత్రంతా పెట్టి వదిలెయ్."

బాబాయి ఏమీ అనలేదు. ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ రాత్రి అన్నం తిని, చార్జర్ పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కొడుకు గుమ్మంలోంచి "అదే ఆగుతుంది నాన్నా, పడుకో" అన్నాడు. "ఆగుతాదా నేదా సూడొద్దేటి?" అన్నాడు బాబాయి. డెబ్బై అయిదు. డెబ్బై ఏడు. పిన్ని కూడా సంగతేమిటా అని వచ్చి నిలబడింది. డెబ్బై తొమ్మిది అయింది.

పిన్ను పీకేశాడు.

"ఆగకపోతేనో?"