కివీకి పెద్దపీట

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి రిటైరైన మధ్యతరగతి గృహస్థు ఆరోగ్యం మీద దృష్టి పెట్టాడంటే ఆ సంగతి ముందుగా తెలిసేది ఇంట్లో ఫ్రిజ్‌కి. గోరుచిక్కుడు వెనక్కి జరుగుతుంది, కివీ ముందుకొచ్చి కూర్చుంటుంది. న్యూజిలాండ్ నుంచో ఇరాన్ నుంచో ఓడెక్కి వచ్చిన పండాయె, ఒంటి మీద స్టిక్కరు కూడా ఉంటుంది. వీధి మలుపులో తోపుడుబండి మీది జామకాయకు ఆ యోగం లేదు. అందుకే దాని మీద ఆయనకి అనుమానం.

"ఇవి ఆర్గానిక్కేనా అమ్మా?"

"గవన్నీ నాకేమెరుక సారూ! పొద్దుగాల చెట్టు మీదుండె, ఇప్పుడు బండి మీదున్నయ్."

ఈ సాక్ష్యం ఆయనకి చాలదు. జామ దగ్గర పది రూపాయలు బేరమాడిన నోరు సూపర్‌మార్కెట్‌లో కివీ బిల్లు చూసి కిక్కురుమనదు. తీరా లెక్క చూస్తే 100 గ్రాముల ఆకుపచ్చ కివీలో సి విటమిన్ 100 మిల్లీగ్రాముల లోపే. జామలో 200 పైమాటే!

ఒకప్పుడు వంటింట్లో ఏం వండాలో పంచాంగమే చెప్పేది. ఉగాదికి వేపపువ్వు, మామిడి పిందె, కొత్త చింతపండు. వేసవిలో చింతచిగురు, ముంజలు. ఆషాఢంలో మునగాకు. చలికాలంలో చిక్కుడు, తేగలు. సంక్రాంతికి కొత్త బియ్యం, కొత్త బెల్లం, నువ్వులు. ఆ కాలంలో ఏది దండిగా, చవగ్గా దొరుకుతుందో అదే పండగ వంట. ఇందులో మునగాకు ఆషామాషీది కాదు. 100 గ్రాముల ఆకులో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలే చెబుతాయి. అయినా పెరట్లో చెట్టుకి గొంగళిపురుగులు పడతాయని కొట్టించేసిన గృహస్థు, అదే ఆకు పొడై డబ్బాలో దిగితే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాడు.

ఇక మామిడి విషయంలో ఆయనకి అసలు ఓపిక ఉండదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మన బంగినపల్లి రుచి తేలేది ఏప్రిల్, మే నెలల్లో. ఈయనకి శివరాత్రికే కావాలి. ఈ తొందర వ్యాపారికి ఇట్టే అర్థమవుతుంది. పచ్చికాయల మధ్య కార్బైడ్ పొట్లం చేరుతుంది. దానికి తేమ తగిలితే ఎసిటిలిన్ వాయువు పుట్టి తొక్క పసుపెక్కుతుంది, లోపల పులుపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లుంటాయని దేశమంతటా ఈ పద్ధతిని నిషేధించారు. ఆ పండు తిని ఈయన ఫిబ్రవరిలోనే తీర్పు ఇచ్చేస్తాడు: "ఈ ఏడు మామిడిలో రుచే లేదోయ్!"

ఈయనగారి తాత జొన్న సంకటి, కొర్రన్నం తిన్న మనిషి. ఆ ఇంట్లో వరన్నం పండగ పూటే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక పండగ రోజూ కంచంలోకి వచ్చింది. మనవడికి షుగరొచ్చాక డాక్టరు మళ్లీ కొర్రల దగ్గరికే పంపాడు. భారత్ ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. తాత లేమిలో తిన్న కొర్రల్ని మనవడు సన్నబియ్యాన్ని మించిన ధర పెట్టి కొని, వచ్చినవాళ్లందరికీ ప్యాకెట్ చూపిస్తున్నాడు. ఈ గింజలు ఇంకా మిగిలి ఉన్నాయంటే ఆ పుణ్యంలో జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా రైతులకు పెద్ద వాటా ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరి విత్తనాలు దాచారు, సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్లు కట్టి ఊరూరా పాత పంటల జాతర నడిపారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వారిని వెతుక్కుంటూ వచ్చింది.

దూరం నుంచి వచ్చిన తిండి భూమికి భారం కదా అంటే, దానికి మన గృహస్థు దగ్గరా ఒక బాణం ఉంది. 119 దేశాల్లోని సుమారు 38,700 పొలాల లెక్కలు తీసి 2018లో 'సైన్స్' పత్రికలో వేసిన అధ్యయనం ప్రకారం, తిండి వల్ల గాలిలో కలిసే హరితగృహ వాయువుల్లో రవాణా వాటా దాదాపు 6 శాతమే. ఓడలో వచ్చే సరుకు భారం తక్కువ, విమానమెక్కి వచ్చేదానిదే ఎక్కువ.

"చూశావా, నా కివీ ఓడలోనే వచ్చింది. దానికి పాపం అంటదు!" అన్నాడాయన.

"సరేనండీ, పాపం తక్కువే. విటమినూ తక్కువే కదా, ఆ జామకాయ కొనుక్కొస్తే పోయేదేముంది?" అంది వాళ్లావిడ.

అంతమాత్రాన ఊళ్లో దొరికిందీ, కాలానికి వచ్చిందీ అంతా మంచిదేననుకుంటే గోదావరి ఒప్పుకోదు. పుస్తెలు అమ్మైనా పులస తినాలన్నారు. పులస స్థానికమే, వర్షాకాలంలో తప్ప దొరకదు కూడా. కానీ సముద్రంలో ఇలస అనిపించుకునే ఆ చేప వరద గోదారికి ఎదురీదేది గుడ్లు పెట్టడానికి. ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేక, ఆ దిగువన వలలో పడుతుంది. దొరికేవి తగ్గేకొద్దీ ధర పెరిగి, వేలంలో ఒక్క చేప 20 వేలు దాటిన సందర్భాలున్నాయి. ఆ మోజు చూసి ఒడిశా, బెంగాల్ వైపు నుంచి వచ్చిన ఇలసకూ పులస పేరు పెట్టి అమ్మేస్తున్నారు.

కాబట్టి ఈ వానాకాలం పుస్తెల జోలికి పోకండి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను చెరువుల్లో పెరుగుతుంది, కిలో వందల్లోనే వస్తుంది. పులుసు దానితో పెట్టుకోండి, పులసని గుడ్లు పెట్టుకోనివ్వండి.